జగ్గన్నతోటలో స్కూబీడూ

స్కూబీడూ దెయ్యాల్ని చూసి పారిపోయే పిరికి కుక్క అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు దాన్ని పరుగు పందేల్లో గెలిచే కుక్కగానే ఎరుగుదును. యోగి ఎలుగుబంటి పార్కుకొచ్చిన వాళ్ల పిక్నిక్ బుట్టలు కొట్టేసే రకమనీ, హకిల్‌బెర్రీ హౌండ్‌కి విడిగా ఓ సీరియల్ ఉండేదనీ, కెప్టెన్ కేవ్‌మేన్‌ని మంచుగడ్డలోంచి బయటికి తీశారనీ, ఇవన్నీ తర్వాతి కబుర్లు. మాకు మొదట దొరికింది వాళ్లంతా ఒకచోట చేరి ఆడిన ఆటలు. ఆ కార్టూన్ కార్యక్రమం పేరు లాఫ్-ఎ-లింపిక్స్. మా పిల్లల నోట్లో లాఫాలింపిక్స్ అయింది, అదే ఖాయమైపోయింది.

అమెరికాలో అది 1977 సెప్టెంబరులో ఏబీసీ ఛానల్లో, శనివారం పొద్దున్న పిల్లల కోసం మొదలైంది. మేం చూసేసరికి దానికి ఇరవై ఏళ్లు దాటాయి. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి 1995లో వచ్చింది. అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊరికి కేబుల్ రావడానికి ఇంకొంత కాలం పట్టింది. అంత పాత బొమ్మలు ఎందుకు వేసేవారో అప్పుడు తెలీదు. ఈ బొమ్మలన్నీ తీసిన హన్నా-బార్బెరా స్టూడియోని 1991లో టెడ్ టర్నర్ కంపెనీ కొనేసింది. చేతిలో వేల కొద్దీ పాత కార్టూన్లు ఉన్నాయి కాబట్టే మరుసటి ఏడు, రోజంతా కార్టూన్లే వచ్చే ఛానల్ పెట్టగలిగారు. అలా అమెరికాలో మా అమ్మ ఈడు వాళ్లు చూసి పెరిగిన బొమ్మలు మాకు కొత్త సరుకుగా చేరాయి.

అమ్మమ్మగారిది పెంకుటిల్లు. చావడిలో గోడవారన టీవీ. కేబుల్ వైరు వీధిలోంచి కొబ్బరిచెట్టుకీ కొబ్బరిచెట్టుకీ కట్టుకుంటూ మా చూరు దాకా వచ్చేది. ఎండుమట్ట ఒకటి రాలి వైరు మీద పడిందంటే ఆ వేపు ఇళ్లన్నిటికీ బొమ్మ పోయేది. అప్పుడు మా చిన్న మావయ్య సైకిలేసుకుని కేబుల్ అబ్బాయి కోసం వెళ్లేవాడు. అతనూ పాపం ఎప్పుడూ ఒకటే మాట. "ఆయ్, మధ్యాహ్నానికల్లా కట్టేస్తానండి, మీరెళ్లండి." ఏ మధ్యాహ్నానికో చెప్పేవాడు కాదు. సెలవుల్లో ఆ ఇంట్లో నలుగురు అప్పచెల్లెళ్ల పిల్లలం, మావయ్యల పిల్లలం, అందరం పోగయ్యేవాళ్లం. బొమ్మ పోయిందంటే పెద్దవాళ్లకి మా గోల భరించడం కష్టం కాబట్టి, ఆ వైరు గురించి మాకన్నా వాళ్లకే ఎక్కువ టెన్షన్.

లాఫాలింపిక్స్‌లో మూడు జట్లు. స్కూబీ డూబీలు, యోగి యాహూయీలు, రియల్లీ రాటెన్లు. స్కూబీ జట్టులో ఎక్కువగా డెబ్భైల నాటి బొమ్మలు: స్కూబీ, షాగీ, హాంకాంగ్ ఫూయీ, డైనోమట్, బ్లూ ఫాల్కన్, మాట్లాడే కారు స్పీడ్ బగ్గీ. యోగి జట్టులో అంతకు ముందు తరం: యోగి, బూబూ, హకిల్‌బెర్రీ, వాలీ గేటర్ అనే మొసలి, పిక్సీ డిక్సీ ఎలుకలు, వాటిని పట్టలేని జింక్స్ పిల్లి. ఆ ముసలాళ్ల మధ్య గ్రేప్ ఏప్ ఒక్కడే కుర్రాడు, 1975లో పుట్టాడు. కొండంత ఊదారంగు కోతి, ఎవరేం అడిగినా తన పేరే రెండుసార్లు చెప్తాడు. వాడి కోసమే నేను యోగి జట్టు. మూడో జట్టులో అందరూ దుర్మార్గులే. డ్రెడ్ బారన్, మంబ్లీ అనే కుక్క, డాల్టన్ అన్నదమ్ములు, మాయలమారి ఫోండూ, ఇంకా ఒక ఆక్టోపస్సు. మొదట వస్తే 25 పాయింట్లు, రెండైతే 15, మూడైతే 10. రాటెన్లు మోసం చేసి గెలిచినట్టు కనిపించినా, ఆఖర్న దొరికిపోయేవాళ్లు, పాయింట్లు కోసేసేవారు. ఒక్కో భాగంలో రెండు చోట్ల ఆటలు. ఓసారి స్పెయినూ హిమాలయాలూ, ఓసారి ఈజిప్టూ రాబిన్‌హుడ్ అడవీ, మరోసారి ఏకంగా చందమామ. ఆటలు కూడా మామూలు ఒలింపిక్స్‌లో ఉండేవి కావు. ఎక్కడికెళ్తే అక్కడి వాహనమో జంతువో దొరకబుచ్చుకుని దాంతో పందెం కట్టేవారు.

అంతా ఇంగ్లీషు. చూస్తే తెలిసిపోయే ఆటలు కాబట్టి సరిపోయింది గానీ, మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. ఒక్క మా పెద్దత్తయ్య కొడుకు మాత్రం కాకినాడలో ఇంగ్లీషు మీడియం. వాడు నాకు బావ. మాకన్నా రెండు మూడేళ్లు పెద్ద. అరుగు మీంచి లేచొచ్చి టీవీ పక్కన కూర్చుని, వాళ్లేమంటున్నారో చెప్పేవాడు. సగం కల్పించేవాడని మాకు అనుమానమే. అయినా వాడి కల్పనే బావుండేది. స్నాగల్‌పస్ అనే గులాబీరంగు సింహమూ, మిల్డ్యూ అనే తోడేలూ పసుపు కోట్లేసుకుని కామెంటరీ చెప్పేవారు కదా, బావ వాళ్లిద్దరి మాటల్నీ పక్కా అమలాపురం యాసలోకి దించేసేవాడు. "ఏవండీ తోడేలు గారూ, ఎలా ఉందంటారు పోటీ?" "ఆయ్, ఏం చెప్పమంటారండీ సింహం గారూ, యోగి గారు బురదలో కూరుకుపోయారండి బాబూ!" వంటింట్లోంచి పిన్నీవాళ్లు కూడా పని ఆపి నవ్వేవారు. నిజం సింహం ఏమన్నదో తెలుసుకోవాలన్న ఆశ నాకు ఎప్పుడూ కలగలేదు.

జట్లు పంచుకోవడంలోనే ఓ పూట గడిచేది. మా పెద్దక్క స్కూబీ జట్టు, ఎందుకంటే అది ఎక్కువసార్లు గెలుస్తుంది. తను చదువులో కూడా అంతే. బావా, మా తమ్ముడూ రాటెన్లు. గెలవరని తెలిసి తెలిసి ఆ జట్టులో చేరే మనుషులు కొందరుంటారు. వాళ్లు ఆట చూడరు, మోసం ఎలా చేస్తారో చూస్తారు. రాటెన్లు గెలిచిన భాగం ఏదో ఒకటి వచ్చిన రోజున మా తమ్ముడు వీధి చివర దాకా పరిగెత్తి చెప్పొచ్చాడు. మంబ్లీ నోరు మూసుకుని గొంతులో గురగురమని నవ్వే నవ్వు వాడికి అచ్చంగా వచ్చేసింది. భోజనాల దగ్గర, స్నానాల దగ్గర, ఆఖరికి అమ్మమ్మ చదివే విష్ణుసహస్రనామం మధ్యలో కూడా అదే నవ్వు. తన్నులు తిన్నాడు కూడా.

మాకు తీరని సందేహాలు రెండుండేవి. ఒకటి, టామ్ అండ్ జెర్రీ ఎందుకు రాలేదు? అదీ హన్నా, బార్బెరాలు చేసిందే కదా, పేర్లు పడతాయి కదా! అక్క దీని మీద చాలా కోపంగా ఉండేది. పిలవలేదా, పిలిస్తే రాలేదా అని. సంగతేమిటంటే, విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఆ పిల్లినీ ఎలుకనీ ఎంజీఎం అనే సినిమా కంపెనీలో జీతానికి పనిచేస్తూ చేశారు. అక్కడ కార్టూన్ల విభాగం మూసేశాక, 1957లో సొంత స్టూడియో పెట్టుకున్నారు. పుట్టించింది వాళ్లే అయినా హక్కులు ఎంజీఎంవి. అక్కకి ఇది చెప్పేసరికి తనకి ఇద్దరు పిల్లలు. "అయితే పిలవలేదన్నమాట" అంది, ఇంకా తగ్గకుండా.

రెండోది ఇంకా గట్టి సందేహం. వాకీ రేసెస్ అనే ఇంకో కార్టూన్‌లో డిక్ డాస్టర్డ్లీ, మట్లీ అని ఇద్దరు దుర్మార్గులున్నారు. ఇక్కడేమో డ్రెడ్ బారన్, మంబ్లీ. అదే మీసం, అదే కుక్క, అదే నవ్వు, పేర్లే వేరు. తమ్ముడి లెక్కలో మంబ్లీ, మట్లీ కవలలు. బావ లెక్కలో పోలీసులకి దొరక్కుండా పేరు మార్చుకున్నారు. చిన్న మావయ్య ఓసారి అటుగా వెళ్తూ "సర్వే నంబరు ఒకటే, పట్టాలు ఇద్దరి పేర్న ఉన్నాయిరా" అని తేల్చేశాడు. ఆ మాటే నిజానికి అందరికన్నా దగ్గర. వాకీ రేసెస్‌ని 1968లో హన్నా-బార్బెరా హీటర్-క్విగ్లీ అనే ఇంకో సంస్థతో కలిసి తీసింది. డాస్టర్డ్లీ, మట్లీల మీద వాళ్లకీ వాటా ఉంది. అందుకని వాళ్లని వాడకుండా, వాళ్లలాగే ఉండే మరో జంటని దింపారు.

ఇంతమంది వేరే వేరే చోట్ల నుంచి ఒకే చోటికి రావడం మాకు వింతగా తోచకపోవడానికి ఓ కారణం ఉంది. మా వేపు సంక్రాంతికి అదే జరుగుతుంది. కనుమ నాడు మొసలపల్లి శివారు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ప్రభలెక్కి అక్కడికి వస్తారు. ఏ ఊరి స్వామికి ఆ ఊళ్లో గుడి ఉంది, పూజలున్నాయి, కథలున్నాయి. జగ్గన్నతోటలో మాత్రం గుడి లేదు, ఒట్టి కొబ్బరితోట. వెదురు, తాటి దూలాలతో కట్టి, రంగు బట్టలు చుట్టి, నెమలి ఈకలూ పూలదండలూ పెట్టిన ప్రభని మనుషులు భుజాల మీద మోసుకుంటూ చేలకడ్డం పడి వస్తారు. ఎదుగుతున్న పైరైనా సరే తొక్కుకుంటూ రావలసిందే, రైతు ఏమీ అనడు, పైగా స్వామి నడిచాడని సంతోషిస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటే చోట అయితే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. నీళ్లలో మనుషులు, పైన అంతెత్తు ప్రభ, అది ఏ వేపు ఒరుగుతుందో అని. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి వచ్చేసరికి మిగతావన్నీ ఒకసారి పైకి లేపి గౌరవిస్తారు.

నేను మావయ్య భుజాల మీదెక్కి చూస్తూ, ఒక్కొక్క ప్రభా తోటలోకి వస్తుంటే "ఇది లాఫాలింపిక్సే" అని గట్టిగా అనేశాను. మా అమ్మ నా కాలు గిల్లింది. అమ్మమ్మ మాత్రం నవ్వి, "వాళ్లు పందేలకి రారే, లోకం బావుండాలని మాట్లాడుకోడానికి వస్తారు" అంది. నా మాట మరీ తీసిపారేయాల్సింది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. మొసలపల్లి స్వామి ఆతిథ్యం ఇచ్చేవాడు. పక్క ఊళ్ల స్వాముల కథలు నాకు ఏమీ తెలీవు. ముందు తోటలో అందరినీ కలిపి చూశాను, తర్వాత ఎప్పుడో ముక్కామల వెళ్లినప్పుడు ఆ గుడి చూసి "ఓ, ఈయనేనా" అనుకున్నాను. హకిల్‌బెర్రీ హౌండ్ సొంత కార్టూన్ మొదటిసారి చూసినప్పుడు కూడా సరిగ్గా అదే అనుకున్నాను.

మన దేశం వచ్చిన భాగం ఒకటుంది. సగం ఇండియా, సగం ఇజ్రాయెల్. అది వచ్చిన రోజు మా ఊళ్లో కరెంటు లేదు. కాకినాడలో బావ చూశాడు. తర్వాతి సెలవులకి వచ్చి, మాకు ఆ భాగాన్ని ఓ రాత్రంతా అరుగు మీద పడుకోబెట్టి చెప్పాడు. వాడి ప్రకారం పందెం రావులపాలెం వంతెన మీద జరిగింది. ఇవతల గట్టున రావులపాలెం, అవతల జొన్నాడ. రాటెన్లు వంతెన మధ్యలో అరటిగెలల లారీ అడ్డం పెట్టించారు. గ్రేప్ ఏప్ లారీని ఎత్తి గోదాట్లో పెట్టేశాడు, అరటిపళ్లు మాత్రం తినేశాడు. రావులపాలెంలో అరటిపళ్ల మార్కెట్టు ఉండటం వల్ల మాకిది ఎంతో సబబుగా తోచింది. ఈమధ్య ఆ భాగం దొరికితే చూశాను. అందులో గోదావరి లేదు, రావులపాలెమూ లేదు. దానికన్నా బావ చెప్పిందే బాగా గుర్తుంది.

వేసవి సెలవుల్లో మా సొంత ఆటలు మొదలయ్యేవి. కాలవలు కట్టేసేవారు కాబట్టి బోదెల్లో నీళ్లు తగ్గి, అడుగున బురద మిగిలేది. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలిపోయాయి. మా తోటలో పడినవాటి మొద్దులు కొన్ని బోదెల మీద వంతెనల్లా వేశారు. ఆ తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రాత్రి గురించి పెద్దవాళ్లు మా ముందు మాట్లాడేవారు కాదు. మాకు మాత్రం ఆ మొద్దు మీద నడవడం ఒక ఈవెంటు. కొబ్బరిచిప్పలకి చిల్లులు పెట్టి తాళ్లు కట్టి వాటి మీద నడవడం ఇంకోటి. అన్నిట్లోకీ ముఖ్యమైనది మట్టబండి పందెం. పెద్ద ఎండుమట్ట మొదట్లో ఒకళ్లు కూర్చుంటే, ఇద్దరు చివర పట్టుకుని తోటంతా ఈడ్చుకుపోవాలి. లాగులు చిరిగేవి, తొడలు గీరుకుపోయేవి. లాగేవాళ్లకి శ్రమ, కూర్చున్నవాళ్లకి నొప్పి, ఇందులో సుఖపడింది ఎవరో నాకిప్పటికీ తెలీదు. అయినా దానికోసమే కొట్టుకునేవాళ్లం.

బావ కామెంటరీకి పసుపు కోటు కావాలన్నాడు. కోటు ఎక్కణ్నుంచి తెస్తాం, పసుపు గుడ్డ చాలన్నాం. ఆ రోజుల్లో మా జిల్లాలో ఏ ఇంట్లో వెతికినా పసుపు గుడ్డకి కొదవ లేదు, ఎన్నికలకి పంచినవి బోలెడు. ఒకటి భుజాన వేసుకుని మొద్దెక్కి నిలబడ్డాడు. తాతయ్య న్యాయనిర్ణేత. కొబ్బరి దింపు లెక్కలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో 25, 15, 10 వేసేవారు. తమ్ముడు ఓరోజు అక్క నడవాల్సిన మొద్దుకి ఆముదం రాశాడు. అక్క బురదలో పడింది. రాటెన్లకి పాయింట్లు కోయాలని మేం గోల చేస్తే, తాతయ్య పుస్తకం మూసి, "ఆముదం వాడిదా, ఇంట్లోదా?" అని అడిగారు. ఇంట్లోదే అన్నాం. "అయితే మీ అమ్మమ్మ కోస్తుందిలే" అన్నారు. కోసింది కూడా, కాకపోతే వీపు మీద.

ఇప్పుడు ఆ కార్యక్రమం మళ్లీ చూస్తే దాని చవకతనం బాగా కనిపిస్తుంది. ఒకే చెట్టు, ఒకే బండ వెనకనుంచి మళ్లీ మళ్లీ వెళ్తుంటాయి. పరిగెత్తే కాళ్లు నాలుగైదు బొమ్మలే తిరుగుతుంటాయి. యోగికి మెడలో కాలరూ టై, హకిల్‌బెర్రీకి బో టై ఎందుకున్నాయో పెద్దయ్యాక తెలిసింది. మెడ దగ్గర గీత ఉంటే ఒళ్లు కదపకుండా తల ఒక్కటే కదిపి డబ్బు మిగుల్చుకోవచ్చు. టీవీ వాళ్లిచ్చే డబ్బుకి అంతకన్నా కుదరదు. స్కూబీ జట్టులో వెల్మా, డాఫ్నీ, ఫ్రెడ్ కనబడరు, అదీ నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అన్నీ కలిపి 24 భాగాలే తీశారు, 1977లో 16, 78లో 8. మా చిన్నప్పుడు వందల భాగాలున్నాయనుకునేవాళ్లం. వేసినవే వేస్తుంటే మాకేం తెలుస్తుంది? పైగా ఏడాదంతా వైరు మీద ఎండుమట్టలు పడుతూనే ఉండేవాయె.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. విడివిడిగా ఆ బొమ్మల్లో సగం నాకు ఇప్పుడు విసుగే. స్నాగల్‌పస్ ఒక్కడే నాటకం డైలాగులు చెప్తుంటే ఏడు నిమిషాలు కూర్చోలేను. తోడేలు పక్కనుంటే మాత్రం ఎంతసేపైనా వింటాను.

మొన్న పండక్కి బావకి ఫోన్ చేశాను. వాడిప్పుడు వైజాగ్‌లో ఉద్యోగం. మాటల్లో మంబ్లీ సంగతి చెప్పాను. మంబ్లీకి 1976లో సొంత సీరియల్ ఉంది, అందులో అది దొంగ కాదు, దొంగల్ని పట్టుకునే పోలీసు డిటెక్టివ్. నలిగిన కోటేసుకుని, పాత కారులో తిరుగుతూ నేరస్థుల వెంట పడుతుంది. ఏడాది తిరిగేసరికి దాన్ని పట్టుకొచ్చి రాటెన్ల జట్టులో పెట్టేశారు, ఎందుకు మారిపోయిందో ఎవరూ చెప్పలేదు.

బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత తోడేలు గొంతుతో, "ఆయ్, మారిపోవడం ఏంటండీ! డిపార్టుమెంటు వాళ్లే పంపారండి. డ్యూటీ మీద దొంగల్లో కలిశాడండి. అందుకే కదండీ ఆ జట్టు ప్రతిసారీ దొరికిపోయేది!" అన్నాడు.

తాతయ్య పుస్తకంలో రాటెన్లకి కోసిన పాయింట్లన్నీ తిరిగివ్వాలని ఇప్పుడు వాడి పట్టు. తమ్ముడు కూడా వాడి వేపే. ఆముదం రాయడం కూడా డ్యూటీలో భాగమేనట. అక్క ఒప్పుకోవడం లేదు.